గెటవే ఫోర్ బై ఫోర్‌కి థార్ గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ పడుతుందా?

చీనీతోట_అనంత (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా దగ్గర మహీంద్రా స్కార్పియో గెటవే పికప్ ఉంది, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్ళేది), 2.2 ఎంహాక్ ఇంజన్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. గార్లదిన్నె దగ్గర మా చీనీ తోట. అక్కడి నుంచి తారు రోడ్డెక్కాలంటే ఒక వంక దిగి అవతలి గట్టు ఎక్కాలి. వానలు పడ్డాయంటే కాయల లోడుతో ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే నిదానమైన గేరు) వేయకుండా ఆ గట్టు ఎక్కదు.

కొన్నాళ్లుగా ఫోర్ బై ఫోర్ స్విచ్ తిప్పితే ఒక్కోసారి లైటు సరిగ్గా వెలుగుతుంది, ఒక్కోసారి మినుకుమినుకుమంటూ అలాగే ఉండిపోతుంది. ‘ఫోర్ లో’ పడ్డాక గట్టు మధ్యలో కింద నుంచి టక్ టక్‌మని కొడుతుంది. మా మెకానిక్ ఏమంటాడంటే, ఈ కరెంటు మోటారు ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ పవర్‌ను ముందూ వెనకా చక్రాలకు పంచే పెట్టె) తీసేద్దాం, బెంగళూరులో పాత సామాన్ల దగ్గర థార్ సీఆర్‌డీఈ గేర్‌బాక్స్, చేతి లివర్ ట్రాన్స్‌ఫర్ కేస్ రెండూ కలిపి సెట్టుగా ఉన్నాయి, అది బిగిద్దాం అంటాడు. రెండు బండ్లూ మహీంద్రావే, రెండు కేసులూ బోర్గ్‌వార్నర్ కంపెనీవే కాబట్టి పడుతుందని ఆయన ధీమా. నిజంగా పడుతుందా? ఎవరైనా ఇలా మార్చారా? కోత మొదలయ్యే లోపు తేల్చుకోవాలి, టెన్షన్‌గా ఉంది.

లేత్_మిస్త్రీ (యర్రగుంట్ల, కడప జిల్లా)

తమ్ముడూ, సెట్టుకి అడ్వాన్సు ఇవ్వకు. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు లోపాలు. లైటు మినుకుమనడం ఒకటి, టక్ టక్ శబ్దం ఇంకొకటి. రెంటినీ కలిపి ఒకే ముక్కలో గేర్‌బాక్స్ మార్చేద్దాం అంటే, చెడిందేదో తెలియకుండానే డబ్బు పోతుంది.

నీ బండిలో స్విచ్ తిప్పగానే ఒక చిన్న కంట్రోల్ యూనిట్ ట్రాన్స్‌ఫర్ కేసు మీదున్న మోటారుకి కరెంటు పంపిస్తుంది. ఆ మోటారు ఒక షాఫ్ట్‌ను తిప్పుతుంది, అది లోపల గేరు మార్చే ఫోర్క్‌ను జరుపుతుంది. ఫోర్క్ ఎక్కడుందో చెప్పడానికి మోటారులోనే ఒక సెన్సర్ ఉంటుంది. ఆ సెన్సర్ సమాధానం సరిగ్గా రాకపోతే లైటు మినుకుమంటూ ఉంటుంది. వంకలో దిగే బండి కదా, ముందు మోటారు దగ్గరి కనెక్టర్ ఊడదీసి చూడు. పిన్నులకు పచ్చగా చిలుం పట్టి ఉంటే సగం సమస్య అక్కడే ఉన్నట్టు. శుభ్రం చేసి, ఫ్యూజు, ఎర్త్ వైరు చూసుకో.

అప్పటికీ పడకపోతే మోటారు విప్పి బయట పెట్టి నేరుగా 12 వోల్టులు ఇవ్వు. వైర్లు అటూ ఇటూ మార్చి ఇస్తే రెండు వైపులా తిరగాలి. తర్వాత చక్రాలకు అడ్డాలు పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, కేసు మీద బయటికి కనిపించే షిఫ్ట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడు. చేత్తో అన్ని స్థానాల్లో పడుతుంటే లోపల ఫోర్క్ బాగున్నట్టే.

శబ్దం సంగతి వేరు. నీ కేసులో ముందు చక్రాల వైపు వెళ్ళే షాఫ్ట్‌కి పవర్ చైన్ ద్వారా వెళ్తుంది. చైన్ సాగిపోతే లోడు పడగానే పళ్ళ మీద నుంచి ఎగురుతుంది, అదే టక్ టక్. మామూలు రోడ్డు మీద టూ వీల్‌లో వెళ్తున్నప్పుడు ఆ శబ్దం వస్తోందా, ఫోర్‌లో మాత్రమేనా?

గాలిమర_రోడ్లు (ధర్మవరం)

నేను రామగిరి కొండల మీద గాలిమరల సైట్లకు మనుషుల్ని, సామాన్లను తోలే బొలెరో క్యాంపర్ ఫోర్ బై ఫోర్ నడుపుతాను. మిస్త్రీ అన్న చెప్పిన చైన్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కొండ దిగి తారు రోడ్డెక్కాక కూడా ‘ఫోర్ హై’ (నాలుగు చక్రాలకూ పవర్, మామూలు వేగం) లోనే పోయే డ్రైవర్లున్నారు. ఈ బండ్లలో ముందూ వెనకా షాఫ్ట్‌ల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల గుండు) ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే ఏదో ఒక చక్రం జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు. ఆ బిగువంతా చైన్ మీద, షాఫ్ట్ చివర్ల కీళ్ళైన యూజే క్రాసుల మీద పడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, టూ వీల్‌కి మారుస్తుంటే లివర్ రాదు. అలా కొన్నాళ్లు నడిచిన బండి చేతికొస్తే చైన్ సాగే ఉంటుంది.

ఇంకొకటి. నాలుగు టైర్లూ ఒకే సైజా? ఒకే అరుగుదలా? వెనక లోడు పడుతుందని వెనక మాత్రం పెద్ద టైర్లు వేయించేవాళ్లను చూశాను. ఫోర్‌లో వేస్తే నేరుగా పోతున్నా బిగుసుకుంటుంది.

చీనీతోట_అనంత

మిస్త్రీ అన్నా, చాలా థాంక్స్. కనెక్టర్ విప్పాము, మీరన్నట్టే చిలుం. శుభ్రం చేసి గ్రీజు రాసి బిగించాక లైటు ప్రతిసారీ సరిగ్గా పడుతోంది. చేత్తో తిప్పినా అన్నీ పడుతున్నాయి. శబ్దం మాత్రం ఫోర్‌లో లోడు మీదే, టూ వీల్‌లో లేదు.

గాలిమర అన్నా, మీ పోస్టు చదివి టైర్లు చూశాను. పాత ఓనరు వెనక వేయించినవి ముందువాటికంటే ఒక సైజు ఎత్తు!

అంటే ఇక కేసు విప్పాల్సిందే. ఎలాగూ విప్పుతున్నప్పుడు థార్ సెట్టు వేసేస్తే ఈ మోటారు గొడవ శాశ్వతంగా పోతుంది కదా అని మా మెకానిక్ ఇంకా పట్టుబడుతున్నాడు.

కర్నూలు_పాతజీపు (కర్నూలు)

ఈ మార్పిడి పనులు మా షెడ్డులో చాలా జరిగాయి, పాత మహీంద్రా జీపులు, జీపు పికప్పుల మీద. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కంపెనీ పేరు ఒకటే అయితే సామాను పడదు. కొలతలు ఒకటైతే పడుతుంది.

నీ గెటవేది 2.2 ఎంహాక్, ఆ థార్ సీఆర్‌డీఈది 2.5 ఇంజన్. ఇంజన్ వేరైతే మొదట చూడాల్సింది బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి గేర్‌బాక్స్ బిగించే గంట ఆకారపు డబ్బా) బోల్టుల వరస. అది కలవకపోతే అడాప్టర్ ప్లేటు కావాలి. ప్లేటు అంటే లేత్ మీద గుండ్రంగా కోసి రంధ్రాలు వేయడం కాదు. ఇంజన్ క్రాంక్ మధ్య బిందువు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మధ్య బిందువు ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్‌కి డయల్ గేజ్ బిగించి హౌసింగ్ రంధ్రం చుట్టూ తిప్పి చూస్తే 0.1 మిల్లీమీటరు చుట్టుపక్కలే తేడా ఉండాలి. అంతకు మించితే మొదట్లో తెలియదు. తర్వాత ఇన్‌పుట్ బేరింగ్ ఊళ వేస్తుంది, క్లచ్ ప్లేటు హబ్ పగులుతుంది, గేరు దానంతటదే జారుతుంది.

రెండోది ఇన్‌పుట్ షాఫ్ట్. దాని కొన క్రాంక్ చివర పైలట్ బేరింగ్‌లో కూర్చోవాలి. కొన లావు, పొడవు రెండూ కలవాలి. క్లచ్ ప్లేటు బయటి సైజు నీ ఫ్లైవీల్‌ని బట్టి, లోపలి పళ్ళు కొత్త గేర్‌బాక్స్‌ని బట్టి ఉండాలి. ఈ రెండూ ఉన్న ప్లేటు రెడీమేడ్‌గా దొరక్కపోతే హబ్ మార్చి రివెట్ చేయించాలి. రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటు వేళ్ళకు ఎంత దూరంలో ఉందో కూడా అప్పుడే చూసుకోవాలి.

మూడోది, గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ కేసులోకి వెళ్ళే చోటు. పళ్ళ లెక్క కలిసినా, షాఫ్ట్ ఎంత బయటికి వచ్చిందో కొలవాలి. తక్కువ వస్తే పళ్ళ కొనలే పట్టుకుంటాయి, గట్టు మీద ఒక్క లోడుతో అరిగి చెక్కుకుపోతాయి. ఎక్కువ వస్తే లోపల తగిలి, బోల్టులు బిగించేసరికి బేరింగుల మీద తోపు పడుతుంది. పళ్ళు కంటితో లెక్కపెడితే తప్పుతాం. షాఫ్ట్‌కి పల్చగా గ్రీజు పూసి, చుట్టూ తెల్ల కాగితం చుట్టి వేలితో ఒత్తండి. కాగితం విప్పితే గీతలన్నీ అచ్చు పడి ఉంటాయి. పెన్ను పెట్టి తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు, అవతలి ఊరివాడికి ఫోటో పంపవచ్చు.

ఇవన్నీ కలిసాయనుకో, అప్పుడు పొడవు. ఇంజన్ వెనక నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు చివరి వరకు పాత సెట్టు ఎంత, కొత్త సెట్టు ఎంత? కొత్తది పొడవైతే, తేడా ఎంతుంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (కేసు నుంచి ఇరుసుకి పవర్ తీసుకెళ్ళే షాఫ్ట్) అంత పెరగాలి, వెనకది అంత తగ్గాలి. మా దగ్గరికి వచ్చిన ఒక పాత జీపు పికప్‌కి నాలుగు గేర్ల బాక్స్ తీసి అయిదు గేర్లది వేశారు. కొత్తది పొడవు, వెనక షాఫ్ట్ కురచైపోయింది. ఏటవాలు ఎక్కువై యూజే క్రాసులు వరసగా పోతుండేవి. ఓనరు క్రాసు కంపెనీ మారుస్తూ పోయాడు. చివరికి గేర్‌బాక్స్ మౌంట్ కింద ఎత్తు సర్ది, రెండు చివర్ల కోణాలు సమానం చేశాకే ఆగింది.

లేత్_మిస్త్రీ

పాతజీపు అన్న రాసిన దానికి ఒక మాట కలుపుతాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత ఖాళీ బండి మీద తీయకండి. పికప్ కదా, లోడు వేస్తే వెనక పట్టీలు కూర్చుంటాయి, షాఫ్ట్ పొడవు మారుతుంది. ఖాళీగా కొలత, మామూలు లోడుతో కొలత రెండూ తీసి, స్లిప్ జాయింట్ (షాఫ్ట్ లోపలికీ బయటికీ జారే చోటు) మధ్యలో ఉండేట్టు కోయించాలి. వెల్డింగు చేసేటప్పుడు రెండు చివర్ల యోకులు (క్రాసు కూర్చునే కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి, ఆ తర్వాత బ్యాలెన్సింగు. బ్యాలెన్సింగు మెషిన్ లేని చోట షాఫ్ట్ కోయించుకోవద్దు. హైవే మీద వణుకు మొదలైతే గేర్‌బాక్స్ వెనక సీల్, బేరింగ్ రెండూ పోతాయి.

నల్లరేగడి (ఆదోని)

ఇంత కష్టం దేనికి అనిపిస్తుంది నాకు. ముందు షాఫ్ట్ ఊడదీసి పక్కన పెట్టి, వెనక మంచి గుబ్బల టైర్లు వేసుకుంటే సరిపోతుంది. మా వైపు నల్లరేగడిలో వాన పడితే టైరు గుబ్బలు మట్టితో నిండిపోయి నున్నగా అవుతాయి, అప్పుడు ఫోర్ ఉన్నా నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. మేమైతే ట్రాక్టరు పిలుస్తాం.

గాలిమర_రోడ్లు

నల్లరేగడి అన్నా, మీ నేల వేరు. మాది ఎర్రమట్టి, గరుసు, రాళ్లు. ఇక్కడ పట్టు దొరుకుతుంది, కావాల్సింది నిదానం. ఫోర్ లోలో ఫస్ట్ గేర్ వేస్తే క్లచ్ కాల్చకుండా బండి దానంతటదే ఎక్కుతుంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజన్ మీదే ఆగుతూ దిగుతుంది. కొండ మీద సామాను లోడుతో దిగేవాడికి రెండోదే ప్రాణం. షాఫ్ట్ ఊడదీస్తే ఆ గట్టు దగ్గర ఈ తమ్ముడి తోట ఆగిపోతుంది.

కర్నూలు_పాతజీపు

లో గేర్ మాట వచ్చింది కాబట్టి లెక్క కూడా చెప్తాను, ఇది చాలామంది వదిలేస్తారు. ఉదాహరణకి ఫస్ట్ గేర్ 4, ట్రాన్స్‌ఫర్ లో 2.48, డిఫరెన్షియల్ 3.73 అనుకుందాం. మూడూ గుణిస్తే 37. అంటే ఇంజన్ 37 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. అదే డిఫరెన్షియల్ పాత విల్లీస్ జీపులా 5.38 అయితే 53 దాటుతుంది. గేర్‌బాక్స్ మార్చినా, డిఫరెన్షియల్ ఉండే ఇరుసు హౌసింగ్ మార్చినా ఈ గుణకారం చేసుకోండి. బండి మరీ మొండిగా అయిందా, మరీ పరుగు తీస్తుందా అన్నది బిగించకముందే తెలుస్తుంది.

పాత సామాన్లలో హౌసింగ్ కొనేవాళ్లకు ముఖ్యమైనది ముందూ వెనకా నిష్పత్తి ఒకటే ఉండాలి. ముందు 3.73, వెనక 4.10 పడిందనుకో, షాఫ్ట్ వంద చుట్లకు వెనక చక్రం 24 చుట్లు, ముందుది దాదాపు 27 తిరగాలని చూస్తుంది. ఫోర్ వేసిన క్షణం నుంచి రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (చిన్న గేరు) పళ్ళు లెక్కపెట్టడమే ఖాయమైన పద్ధతి: 41కి 11 అయితే 3.73, 41కి 10 అయితే 4.10, 43కి 8 అయితే 5.38. విప్పే వీలు లేకపోతే, ఒక వెనక చక్రం నేల మీద ఉంచి, రెండోది జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ మీద సుద్దగీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. రెండో మనిషి కింద పడుకుని షాఫ్ట్ చూడాలి. చక్రాల అడ్డాలు మరవకండి.

చీనీతోట తమ్ముడూ, పాత జీపుల డానా 18 కేసు ఎవరైనా అంటగట్టబోతే అసలు చూడకు. అది గట్టిదే, లోపల అన్నీ గేర్లే, చైన్ ఉండదు. కానీ దాని వెనక షాఫ్ట్ మధ్యలో నుంచి రాదు, పక్కకి వస్తుంది. అందుకే ఆ జీపుల వెనక హౌసింగ్‌లో డిఫరెన్షియల్ గుండు కూడా పక్కకే ఉంటుంది. నీ బండికి హౌసింగ్ సహా మార్చాల్సి వస్తుంది.

చీనీతోట_అనంత

అన్నా, ఈ లెక్కలన్నీ మా మెకానిక్‌కి చదివి వినిపించాను. అలాగైతే గేర్‌బాక్స్ జోలికి పోకుండా, లివర్ కేసు ఒక్కటే నా గేర్‌బాక్స్‌కి బిగిద్దామా అంటున్నాడు.

లేత్_మిస్త్రీ

గేర్‌బాక్స్ బాగున్నప్పుడు దాన్ని కదపకపోవడమే మంచిది, ఆ మాట ఒప్పుకుంటాను. లివర్ కేసుకి మూడు చిక్కులున్నాయి. లివర్ పైకి రావడానికి క్యాబిన్ నేల కోయాలి, కన్సోల్ కింద వైరింగు పోతుంటుంది. లివర్ లింకేజీ పట్టుకునే బ్రాకెట్లు నీ గేర్‌బాక్స్ మీద ఉండవు, తయారు చేయాలి. మోటారు కనిపించకపోతే కంట్రోల్ యూనిట్ లోపం చూపిస్తూనే ఉంటుంది, స్పీడో సెన్సర్ ఎక్కడ ఉందో అదీ చూసుకోవాలి. ఇవన్నీ చేయగలిగిన పనులే. కానీ నీ మోటారు ఇప్పుడు బాగానే పనిచేస్తోంది కదా? చెడింది చైన్. చైన్, బేరింగులు, సీళ్లు మార్చు. కేసు లోపలి గోడ చైన్ తగిలి కోసుకుపోయి ఉంటే, మోటారు ఉన్న అదే రకం కేసు, ఇంకో గెటవేది గానీ అదే ఇంజన్ ఉన్న స్కార్పియో ఫోర్ బై ఫోర్‌ది గానీ, పక్కపక్కన పెట్టి కొలిచి తీసుకో.

ఆయిల్ గురించి గట్టిగా చెప్తున్నా. పాత జీపు కేసులో పోసే 90 నంబరు గేర్ ఆయిల్ ఇందులో పోయించకు. ఈ చైన్ కేసులో చిన్న పంపు ఉంటుంది, అది పల్చటి ఏటీఎఫ్‌ని (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్) లాగి పైకి అందిస్తుంది. చిక్కటి ఆయిల్‌తో పై బేరింగులకు సరిగ్గా అందదు. ఏ గ్రేడు, ఎంత అన్నది బండి మాన్యువల్‌లో చూడు. ఇక వంక దాటే బండికి బ్రీదర్ పైపు (కేసు గాలి పీల్చే పైపు) పైకి కట్టి ఉందా? వేడెక్కిన కేసు చల్లటి నీళ్లలో దిగితే లోపలికి గాలి పీలుస్తుంది, పైపు కింద ఉంటే నీళ్లే పీలుస్తుంది. ఆయిల్ పాల రంగులో కనిపిస్తే అదే కారణం.

ఎల్లోబోర్డు_కడప (కడప)

నా బొలెరో పికప్ టూ వీల్ డ్రైవ్. క్వారీ రోడ్డు కోసం క్యాంపర్ ఫోర్ బై ఫోర్ గేర్‌బాక్స్, కేసు తెచ్చి బిగిస్తే సరిపోతుందా?

కర్నూలు_పాతజీపు

సరిపోదు. ముందు డిఫరెన్షియల్, హబ్బులు, చక్రాలను తిప్పే స్టీరింగు నకిల్స్, క్రాస్ మెంబర్, షాఫ్ట్‌లు అన్నీ కావాలి. పూర్తిగా దెబ్బతిన్న ఫోర్ బై ఫోర్ బండి ఒకటి మొత్తంగా కొని విప్పుకుంటే తప్ప సామాను జత కుదరదు. అంతకంటే ముందు కాగితాల సంగతి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. చెడిన కేసు తీసి అదే రకం వేయడం రిపేరు. టూ వీల్‌ను ఫోర్ వీల్ చేయడం మార్పు. నీది ఎల్లో బోర్డు, ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్‌కి పోవాలి. క్వారీలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట కిందికే వంగి చూస్తాడు. ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగకుండా ముట్టుకోవద్దు.

ఎల్లోబోర్డు_కడప

అర్థమైందన్నా. కంపెనీ నుంచే ఫోర్ బై ఫోర్‌గా వచ్చిన క్యాంపర్ చూసుకుంటాను.

చీనీతోట_అనంత

అప్‌డేట్. కేసు దించి విప్పించాము. చైన్ రెండు గేర్ల మధ్య చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే వేలెడు ఊగింది. కేసు లోపలి గోడ మీద చైన్ రాసుకుని మెరుస్తున్న గాడులు, వేలు పెడితే గోరు దిగేంత లోతు. అడుగున అయస్కాంతానికి బూడిద రంగు ముద్దలా పొడి. మిస్త్రీ అన్నకు ఫోటోలు పంపితే, ఈ గోడతో కొత్త చైన్ వేయొద్దు, కేసే మార్చమన్నారు.

హైదరాబాద్ నుంచి అదే ఇంజన్ ఉన్న స్కార్పియో ఫోర్ బై ఫోర్ కేసు తెప్పించాం. కొనే ముందే కాగితం అచ్చు తీయించి పంపమన్నాము. మా పాత దాని అచ్చు పక్కన పెట్టి చూస్తే పళ్ళు, లావు కలిశాయి. మొత్తం పొడవు, ముందు షాఫ్ట్ బయటికొచ్చే వైపు, బోల్టుల వరస కూడా టేపుతో కొలిచి సరిచూశాం. షాఫ్ట్‌లు ఏవీ కోయాల్సిన పని పడలేదు. బిగించే ముందు దాని చైన్ కూడా ఊపి చూశాం, బిగువుగా ఉంది. సీళ్లన్నీ కొత్తవి వేసి, మాన్యువల్‌లో చెప్పిన ఏటీఎఫ్ పోశాం. నాలుగు టైర్లూ ఒకే సైజు. బ్రీదర్ పైపు పొడిగించి ఇంజన్ గదిలోకి కట్టాం.

నిన్న కాయల క్రేట్లతో వంక దిగి గట్టెక్కింది. చప్పుడు లేదు. మా మెకానిక్ కూడా ఈ చర్చ మొత్తం తన ఫోనులో సేవ్ చేసుకున్నాడు.

కొండారెడ్డిబురుజు (కర్నూలు)

మంచి చర్చ. నాది టాటా జెనాన్ ఫోర్ బై ఫోర్. ఫోర్ లోలో పడదు, హై బాగానే పడుతుంది. ఒక షెడ్డువాళ్లు కేసు మొత్తం మార్చాలంటున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

లేత్_మిస్త్రీ

బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో ఉంచి లో వేస్తున్నారా? కదులుతుంటే లో పడనివ్వదు. అలా చేసినా పడకపోతే క్లచ్ పెడల్ స్విచ్, న్యూట్రల్ స్విచ్ వైర్లు చూడండి. అవి సరిగ్గా చెప్పకపోతే కంట్రోల్ యూనిట్ మోటారుకి కరెంటు ఇవ్వదు. ఆ రెండూ చూసి, మోటారు కనెక్టర్ ఫోటో ఇక్కడ పెట్టండి. కేసు దించడం గురించి అప్పుడు మాట్లాడదాం.